భూమికి సుస్తీ చేస్తే మనిషి ఆయుష్షు ఎలా పెరిగింది?

1950 ప్రాంతంలో పుట్టిన బిడ్డ సగటున 46 ఏళ్లు బతుకుతుందని ప్రపంచ లెక్క. ఇప్పుడు పుట్టే బిడ్డకు ఆ లెక్క 73 ఏళ్లు దాటింది. ఇదే కాలంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 310 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 310 భాగాలు) నుంచి 420 పీపీఎం పైకి చేరింది. అడవులు తరిగాయి, పక్షులు, కప్పలు, మంచినీటి చేపలు తగ్గాయి. భూమి తట్టుకోగల హద్దులు తొమ్మిదైతే వాటిలో ఆరు దాటేశామని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. భూమి ఆరోగ్యానికీ మనిషి ఆరోగ్యానికీ ముడి ఉందంటారు కదా, మరి ఒకటి దిగజారుతుంటే రెండోది ఎలా బాగుపడింది?

పర్యావరణం అంటే పట్టని వాళ్లే ఇలా అడుగుతారనుకుంటే పొరపాటు. పరిశోధకులు కూడా దీన్ని 'పర్యావరణవాది వైరుధ్యం' అని పిలుచుకుంటూ ఏళ్ల తరబడి చర్చించారు. సమాధానం దొరకకపోలేదు. కానీ అది ఒక్క వాక్యంలో ఒదిగేది కాదు, ఒక్కో సంఘటననూ దగ్గరగా చూస్తే తప్ప నమ్మబుద్ధి కానిది.

సంక్షిప్తంగా

ఆయుష్షు పెరగడం నిజం, భూమి దెబ్బతినడమూ నిజం. లాభం ఒక చోట, ఒక తరానికి ముందుగా అందింది. నష్టం మరో చోట, ఆలస్యంగా, వేరే జబ్బు పేరుతో కనిపిస్తోంది. ఒక పక్షికో నత్తకో జరిగిన మార్పు ఊళ్లో మరణాల దాకా ఎలా పాకుతుందో ఇప్పుడు చాలా సందర్భాల్లో అంకెలతో చూపగలుగుతున్నారు. సరిదిద్దుకున్న సందర్భాలూ ఉన్నాయి, అయితే ప్రకృతి కోలుకునే వేగం మన నిర్ణయాల వేగం కన్నా చాలా తక్కువ.

పెరిగిన ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

సగటు ఆయుష్షు 46 ఏళ్లంటే అప్పట్లో అందరూ ఆ వయసుకే పోయేవారని అర్థం కాదు. చంటిపిల్లలు, బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు, ఆ మరణాలు సగటును కిందికి లాగేవి. టీకాలు, శుభ్రమైన తాగునీళ్లు, మురుగు కాలువలు, యాంటీబయాటిక్స్, కడుపు నిండా తిండి వచ్చాక ఆ మరణాలు తగ్గాయి. మశూచి 1980 నాటికి భూమ్మీద లేకుండా పోయింది. వీటిలో ఏదీ చిన్న విజయం కాదు.

అయితే ఈ మేలులో చాలా భాగం చౌకగా దొరికిన బొగ్గు, చమురు మీద నడిచిందన్న మాట దాచిపెట్టి లాభం లేదు. కృత్రిమ నత్రజని ఎరువు లేకపోయి ఉంటే ఇవాళ్టి జనాభాలో దాదాపు సగం మందికి తిండి పండేది కాదని ఒక అంచనా. ఆ ఎరువు తయారు కావాలంటే సహజవాయువో బొగ్గో మండాలి. పొలంలో మొక్క పీల్చుకోగా మిగిలిన ఎరువు వాగుల్లోకి, చెరువుల్లోకి, చివరికి సముద్రంలోకి చేరి నాచును పెంచుతుంది. ఆ నాచు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చిపోతాయి. ఒకే బస్తా ఎరువు ఒకరి ఆకలి తీర్చి, మరొకరి వేటను దెబ్బ తీస్తోంది.

2015లో లాన్సెట్ వైద్య పత్రిక, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి వేసిన కమిషన్ ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది. ఇప్పటి ఆరోగ్యం కోసం రాబోయే తరాల ఆరోగ్యాన్ని తాకట్టు పెట్టామన్నది దాని సారాంశం. భూమి ఆరోగ్యాన్నీ మనిషి ఆరోగ్యాన్నీ కలిపి చూసే 'ప్లానెటరీ హెల్త్' అనే మాట ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఆ నివేదికతోనే. తాకట్టు అన్న పోలిక బాగా అతుకుతుంది. డబ్బు చేతికి వెంటనే వస్తుంది, వడ్డీ కట్టే రోజు తర్వాత వస్తుంది. ఇక్కడ అప్పు తీసుకున్నవాళ్లు ఒకరైతే వడ్డీ కట్టేవాళ్లు ఇంకొకరు కావడమే చిక్కు. ప్రపంచ ఉద్గారాల్లో పాకిస్తాన్ వాటా ఒక్క శాతం కూడా లేదు. 2022 వరదల్లో అక్కడ 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు. 2021లో దాదాపు 5 లక్షలున్న మలేరియా కేసులు ఆ ఏడాది 26 లక్షలయ్యాయి. నిలిచిన నీళ్లలో దోమలు పెరిగాయి, చికిత్స చేయాల్సిన ఆస్పత్రులేమో ఆ నీళ్లలోనే మునిగిపోయాయి.

రాబందులు పోయాక ఏం జరిగింది

ఈ బంధం ఎలా పనిచేస్తుందో చూపడానికి భారతదేశంలో రాబందుల ఉదంతం కన్నా స్పష్టమైనది మరొకటి కనిపించదు.

చచ్చిన ఆవును రాబందుల గుంపు గంట లోపే ఎముకలు మిగిల్చి తినేసేది. వాటి కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే కుళ్లిన మాంసంలో ఉండే క్రిములు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. కోట్ల పశువులున్న దేశంలో ఆ కళేబరాలను పాతిపెట్టడానికో కాల్చడానికో పెద్ద ఏర్పాట్లేవీ ఉండేవి కావు. రాబందులే ఆ ఏర్పాటు. జీతం అడగవు, మునిసిపల్ బడ్జెట్‌లో పద్దు ఉండదు, అందుకే వాటి పని విలువెంతో ఎవరూ లెక్కకట్టలేదు.

1990ల రెండో సగంలో రాజస్థాన్‌లోని కేవలదేవ్ నేషనల్ పార్కులో పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గూళ్లు ఖాళీ కావడం, రాబందులు మెడలు వాల్చి కొమ్మల మీదే చనిపోవడం గమనించారు. తర్వాత దేశమంతటా అదే కథ. తెల్లవీపు రాబందు 1992 నుంచి 2007 మధ్య 99 శాతానికి పైగా తగ్గిపోయింది. వైరస్ అన్నారు, పురుగుమందు అన్నారు. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన అసలు కారణం బయటపెట్టింది. అది డైక్లోఫెనాక్, మనుషులు ఒళ్లు నొప్పులకు వేసుకునే మందే.

1990ల మధ్యలో ఈ మందు జెనరిక్‌గా చౌకగా దొరకడం మొదలైంది. కుంటుతున్న ఎద్దుకో, పొదుగు వాచిన ఆవుకో ఇంజెక్షన్ వేస్తే నొప్పి తగ్గేది. పశువుకు మంచే జరిగింది. ఆ పశువు రెండు మూడు రోజుల్లో వేరే జబ్బుతో చనిపోతే మాత్రం మందు ఇంకా కండలో ఉండేది. దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి, యూరిక్ యాసిడ్ తెల్లటి సుద్దలా గుండె మీద, కాలేయం మీద పేరుకుపోతుంది, కొద్ది రోజుల్లో పక్షి పోతుంది. దేశంలోని కళేబరాలన్నిట్లోనూ మందు ఉండాల్సిన పని లేదు. వందకు ఒక్కటి కూడా లేకపోయినా జాతి అంతరించడానికి చాలని తర్వాతి లెక్కలు తేల్చాయి. ఒక్కో కళేబరం మీద అన్ని పక్షులు వాలతాయి మరి.

రాబందులు తినని మాంసం ఊరి చివర కుళ్లింది. దాన్ని తిని వీధి కుక్కలు పెరిగాయి, వాటితో పాటు రేబిస్ భయం పెరిగింది. కుక్కలు రాబందుల్లా ఎముక దాకా శుభ్రం చేయవు, మిగిలింది ఎలుకలకూ ఈగలకూ. కొన్ని కళేబరాలు వాగుల్లో, నదుల్లో పడ్డాయి, వాటిలోని క్రిములు తాగునీళ్ల దాకా వచ్చాయి.

ఆర్థికవేత్తలు ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ దీన్ని అంకెల్లో పట్టుకునే ప్రయత్నం చేశారు, 2024లో ఆ అధ్యయనం వెలువడింది. దేశంలోని జిల్లాలను రెండు గుంపులు చేశారు, ఒకప్పుడు రాబందులకు అనువుగా ఉన్నవి ఒకటి, మొదటి నుంచీ రాబందులు పెద్దగా లేనివి ఇంకొకటి. మందు విరివిగా రాకముందు రెండు గుంపుల్లోనూ మరణాల రేటు దాదాపు ఒకే తీరులో నడిచింది. ఆ తర్వాత మొదటి గుంపులో మరణాలు 4 శాతానికి పైగా పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు ఐదేళ్లలో అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలని వాళ్ల అంచనా. ఇది శవాలను లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు, పోలిక మీద కట్టిన లెక్క. కాబట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. దిశ విషయంలో మాత్రం అనుమానానికి పెద్దగా చోటు లేదు.

ఇది ఒక్క దేశానికి పరిమితమైన సంగతి కాదు. 2006 నుంచి అమెరికాలో గబ్బిలాలకు తెల్లముక్కు అనే ఫంగస్ జబ్బు సోకి గుహలకు గుహలే ఖాళీ అయ్యాయి. గబ్బిలాలు రాత్రంతా పురుగులు తింటాయి. అవి లేని ప్రాంతాల్లో రైతులు పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెంచారని, అక్కడే పసిపిల్లల మరణాలు 8 శాతం దాకా పెరిగాయని అదే ఎయాల్ ఫ్రాంక్ 2024లో చూపారు. జంతువు వేరు, ఖండం వేరు. ఉచితంగా జరుగుతున్న పని ఆగిపోతే దాని బదులు మనం చేసే పని మన ఒంటికే చేటు తెచ్చిన తీరు మాత్రం ఒకటే.

డ్యామ్, రొయ్య, నత్త

మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా ఇలాగే తిరగబడొచ్చు. సెనెగల్ నది సముద్రంలో కలిసే చోట 1986లో డయామా డ్యామ్ కట్టారు. ఎండాకాలంలో ఉప్పునీరు నదిలోకి ఎగదన్నకుండా ఆపితే సాగుకు మంచినీళ్లు దొరుకుతాయన్నది లక్ష్యం, అది నెరవేరింది కూడా. రెండేళ్లకే, 1988లో, ఎగువన ఉన్న రిచర్డ్-టోల్ పట్టణంలో షిస్టోసోమియాసిస్ బయటపడి వేగంగా పాకింది.

ఈ జబ్బు తెచ్చే పురుగు మంచినీటి నత్తలో పెరుగుతుంది, అక్కడి నుంచి నీళ్లలోకి వచ్చి, బట్టలు ఉతికేవాళ్ల, ఈతకొట్టే పిల్లల చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. మూత్రంలో రక్తం, కాలేయం వాపు, పిల్లల్లో ఎదుగుదల మందగించడం దీని ఫలితాలు. డ్యామ్ వచ్చాక నీటిలో ఉప్పు తగ్గింది, ఏడాది పొడవునా నీళ్లు నిలిచాయి, నత్తలకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ నత్తలను తినే నది రొయ్యలు మాత్రం గుడ్లు పొదగడానికి ఉప్పునీటి దాకా వెళ్లి రావాలి. ఆ దారిని డ్యామ్ మూసేసింది.

మందు ఉంది, వేస్తే జబ్బు తగ్గుతుంది. మర్నాడు అదే నీళ్లలో దిగితే మళ్లీ సోకుతుంది. అందుకే పరిశోధకులు ఒక ఊరి దగ్గర నీటిలో మళ్లీ రొయ్యలను వదిలి చూశారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం జబ్బు మోసే నత్తలు తగ్గాయి, మందు వేసుకున్నాక మళ్లీ జబ్బు పడేవాళ్లూ తగ్గారు. ఒక రకంగా ఆ రొయ్య కూడా మందే.

గాలి, వేడి, పంట

గాలి కాలుష్యం విషయంలో చుట్టు దారి అక్కర్లేదు, దెబ్బ నేరుగా తగులుతుంది. 2.5 మైక్రోమీటర్ల కన్నా చిన్న ధూళి కణం వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు, గొంతు దాన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా వెళ్తుంది, అక్కడ వాపు పుట్టిస్తుంది, అతి సూక్ష్మమైనవి రక్తంలోకీ చేరతాయి. గాలి చెడితే దగ్గు, ఆయాసమే అనుకుంటాం గానీ గుండెపోటు, పక్షవాతం వల్ల పోయేవాళ్లు అంతకన్నా ఎక్కువ. ఇంటి లోపలి పొగ, బయటి కాలుష్యం కలిపి ఏటా దాదాపు 70 లక్షల మంది ముందుగానే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఈ ముడిని తేల్చిన ఒక అనుకోని ప్రయోగం అమెరికాలోని ఉటా వ్యాలీలో జరిగింది. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య వివాదంతో 1986 ఆగస్టులో మూతపడి 13 నెలల తర్వాత తెరుచుకుంది. మధ్యలో ఒక చలికాలం పొగ లేకుండా గడిచింది. ఊరు అదే, జనం అదే. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికవేత్త ఆస్పత్రి రికార్డులు తీసి చూస్తే, ఫ్యాక్టరీ నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో చేరిన పిల్లల సంఖ్య మూతపడిన చలికాలం కన్నా రెండు మూడు రెట్లు ఉంది. పొగ ఆగిన ఏడాదే ఫలితం కనిపించడం ఇందులో గమనించాల్సిన విషయం. కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగిన వేడి తగ్గడానికి తరాలు పడుతుంది. అదే పొగ గొట్టం నుంచి వచ్చే ధూళి ఆగితే పిల్లల ఛాతీ ఆ చలికాలమే తేలికపడుతుంది. బొగ్గు తగ్గించడం దూరపు లాభం కోసమే అనుకునేవాళ్లకు ఈ తేడా వివరించి చెప్పాల్సి ఉంది.

వేడి చంపే పద్ధతి వేరు. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలంటే చెమట పట్టి ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. గుండె రక్తాన్ని చర్మం వైపు పంపడానికి పరుగులు పెడుతుంది, లోపలి అవయవాలకు రక్తం తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి. వేడినీ తేమనూ కలిపి కొలిచే 'తడి బల్బు' ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మనిషి తట్టుకోగల హద్దని 2010లో సిద్ధాంతపరంగా లెక్కగట్టారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద జరిపిన ప్రయోగాల్లో ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే వచ్చేసింది. ముసలివాళ్లకు, ఎండలో పనిచేసేవాళ్లకు ఇంకా ముందే రావచ్చు. 2003 వేసవిలో యూరప్‌లో 70 వేల మందికి పైగా చనిపోయారు, డబ్బూ ఆస్పత్రులూ ఉన్న దేశాల్లోనే.

దోమల లెక్క ఇంత సూటిగా ఉండదు. వేడి పెరిగితే దోమల జబ్బులన్నీ పెరుగుతాయన్న మాట సగమే నిజం. దోమ కడుపులోకి వెళ్లిన క్రిమి దాని లాలాజల గ్రంథుల దాకా చేరితేనే కుట్టినప్పుడు జబ్బు అంటుతుంది. వేడి కొద్దీ ఆ ప్రయాణం త్వరగా ముగుస్తుంది, కానీ మరీ వేడెక్కితే దోమే చచ్చిపోతుంది. మలేరియా వ్యాప్తికి 25 డిగ్రీల చుట్టుపక్కల, డెంగీకి 29 డిగ్రీల దగ్గర బాగా అనువు. కాబట్టి చల్లటి కొండ ప్రాంతాలకు మలేరియా కొత్తగా ఎక్కవచ్చు, బాగా వేడి ప్రాంతాల్లో అది తగ్గి డెంగీ పెరగవచ్చు.

పంటల మీద ప్రభావం కంటికి కనిపించదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది, గింజ నిండుగానే ఉంటుంది, అందులో సారం తగ్గుతుంది. సుమారు 550 పీపీఎం గాలిలో పెంచిన గోధుమల్లో జింక్ 9 శాతం, వరిలో ప్రోటీన్ దాదాపు 8 శాతం తగ్గినట్టు 2014లో పొలాల్లో చేసిన ప్రయోగాలు చూపాయి. మాంసం, గుడ్లు కొనుక్కోగలిగే వాళ్లకు ఇది పెద్ద తేడా కాదు. రోజూ గింజల మీదే బతికేవాళ్ల పిల్లల ఒంట్లో మాత్రం ఈ కొద్ది శాతాల లోటే బయటపడుతుంది.

లెక్కలో ఎందుకు పడదు

ఇన్ని ఆధారాలుంటే ఈ ముడి జనానికి ఎందుకు కనబడదన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు చాలావరకు కాగితాల్లో ఉంది. వడదెబ్బ రోజుల్లో గుండె ఆగిన మనిషి మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అనే రాస్తారు. గాలి, వేడి, పురుగుమందు అనేవి ఆ గడిలో పట్టే మాటలు కావు.

లండన్‌లో రద్దీ రోడ్డు పక్కన పెరిగిన తొమ్మిదేళ్ల బాలిక తీవ్రమైన ఆస్తమాతో 2013లో చనిపోయింది. మొదటి విచారణ ఆస్తమా వల్ల ఊపిరి ఆగిందని తేల్చింది. తల్లి ఊరుకోలేదు. మళ్లీ విచారణ జరిగి, 2020 డిసెంబరులో గాలి కాలుష్యాన్ని కూడా మరణ కారణంగా అధికారికంగా రాశారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదటిసారి. కాలుష్యం వల్ల అప్పటిదాకా ఎవరూ చనిపోలేదని కాదు కదా. ఆ ఒక్క పదం కాగితం మీదికి రావడానికి ఒక తల్లికి ఏడేళ్ల పోరాటం పట్టింది.

శాఖల మధ్య గోడలు ఇంకో కారణం. పశువుల మందును చూసేది ఒకరు, పక్షులను చూసేది ఒకరు, రేబిస్‌ను చూసేది ఇంకొకరు. డైక్లోఫెనాక్ పశువుకు పనిచేసింది కాబట్టి ఆ శాఖ వరకు అది విజయమే. పశువు చచ్చాక దాన్ని తినే పక్షికి ఏమవుతుందని అడగడం ఎవరి పనీ కాలేదు. ఈ గోడలను తగ్గించడానికే 'వన్ హెల్త్' పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐరాస పర్యావరణ కార్యక్రమం కలిసి పనిచేస్తున్నాయి. పర్యావరణ సంస్థ ఆ జట్టులో చేరింది 2022లో, మిగతా మూడింటి తర్వాత చాలా ఆలస్యంగా.

వైద్యరంగం కూడా ఈ లెక్కకు బయట లేదు. ప్రపంచ ఉద్గారాల్లో 4 శాతానికి పైగా ఆస్పత్రులు, మందులు, వాటి రవాణా నుంచే వస్తున్నాయి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డెస్‌ఫ్లురేన్ వాయువు ఒక కిలో బయటికి వదిలితే వందేళ్లలో అది చూపే వేడి ప్రభావం రెండున్నర వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాదాపు అదే పని చేసే, ఇంత హాని లేని మందులు ఉన్నాయి గనుక స్కాట్లాండ్ 2023లో దాని వాడకం ఆపేసింది. రోగికి ఏ లోటూ రాలేదు.

వైద్యం అందితే అడవి నిలిచింది

ఇంతవరకు చూసినవన్నీ భూమి నుంచి మనిషి వైపు నడిచిన కథలు. దీనికి ఎదురు దిశలో నడిచిన ఉదాహరణ బోర్నియో దీవిలో ఉంది. ఇండోనేషియా భాగంలోని గునుంగ్ పాలుంగ్ నేషనల్ పార్కు ఒరాంగుటాన్లకు నెలవు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దొంగతనంగా చెట్లు కొట్టి అమ్మేవారు. మీరు కొట్టడం ఆపాలంటే ఏం కావాలని ఊరూరా తిరిగి అడిగితే వచ్చిన జవాబులో వైద్యం ముందుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఒక్కసారిగా డబ్బు కావాలి, చేతికందేది చెట్టే.

2007లో అక్కడ ఒక క్లినిక్ తెరిచారు. ఊరి పరిధిలో చెట్లు కొట్టడం తగ్గితే ఆ ఊరందరికీ ఫీజులో తగ్గింపు ఇచ్చారు. డబ్బు లేనివాళ్లు మొక్కల నారు, పేడ ఎరువు, అల్లిన బుట్టలు ఇచ్చి బిల్లు తీర్చుకోవచ్చు. పదేళ్ల రికార్డులు చూసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇలాంటి ఏర్పాటు లేని పార్కులతో పోలిస్తే ఇక్కడ అడవి నష్టం దాదాపు 70 శాతం తక్కువ. క్లినిక్‌కు ఎక్కువగా వచ్చిన ఊళ్ల దగ్గరే అడవి ఎక్కువగా నిలిచింది. కాపలాదారులను పెంచి, కేసులు పెట్టి ఇంత ఫలితం రాబట్టడం కష్టం.

కోలుకోవడానికి పట్టే కాలం

చేసిన తప్పు సరిదిద్దుకోగలమా అన్నదానికి చరిత్రలో మంచి జవాబులే ఉన్నాయి. 1920లలో పెట్రోల్‌లో సీసం కలపడం మొదలైంది. ఇంజిన్ శబ్దం తగ్గింది, పొగతో పాటు సీసం గాలిలో కలిసింది. ఒంట్లో అది కాల్షియంలా నటించి పిల్లల మెదడులోకి చేరుతుంది, చదువునూ నడవడికనూ దెబ్బతీస్తుంది. అమెరికాలో సీసం తగ్గించే క్రమంలో 1970ల చివరి నుంచి 1990ల మొదటికి జనం రక్తంలో దాని సగటు మోతాదు 78 శాతం పడిపోయింది. చివరి దేశంగా అల్జీరియా 2021లో ఆ పెట్రోల్ అమ్మకం ఆపింది. వాడకం మొదలై అప్పటికి దాదాపు వందేళ్లు.

ఓజోన్ పొర సంగతి ఇంకొంచెం త్వరగా తేలింది. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే వాయువులు ఆ పొరను తినేస్తాయని 1974లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు హెచ్చరించారు, అంటార్కిటికా మీద రంధ్రం సంగతి 1985లో వెలువడింది, వాటి వాడకం తగ్గించడానికి 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు విపరీతంగా పెరిగే ప్రమాదం దాంతో తప్పింది. అయినా ఆ వాయువులు గాలిలో దశాబ్దాలు ఉంటాయి కాబట్టి చాలా ప్రాంతాల్లో పొర 1980 నాటి స్థితికి రావడానికి 2040 దాకా, అంటార్కిటికా మీద 2066 దాకా పడుతుందని అంచనా.

రాబందుల విషయంలో భారత్ 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించింది, బదులుగా మెలోక్సికామ్ ఉంది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతున్నాయని తెలిశాక 2015లో సీసా పరిమాణం 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో రాబందులకు హాని చేసే మరో రెండు మందులు, కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, పశువుల వైద్యం నుంచి తీసేశారు. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచే కేంద్రం నడుస్తోంది. అయితే రాబందు జంట ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు, ఆ పిల్ల ఎదిగి తానూ గుడ్డు పెట్టడానికి ఐదేళ్లు పడుతుంది. మందు నిషేధించిన ఏడాది గుడ్డు లోంచి బయటికొచ్చిన పిల్ల ప్రమాదాలన్నీ తప్పించుకుని బతికినా, తన తొలి గుడ్డు మీద కూర్చునేసరికి 2011 వచ్చి ఉంటుంది.